అనుభవాన్ని బట్టి వరుస

నాగరిక జీవనంలో నిరీక్షణ అనివార్యం. బస్సు టికెట్టుకైనా, రేషను బియ్యానికైనా, తిరుమలలో స్వామి దర్శనానికైనా వరుసలో నిలువక తప్పదు. అయితే ఎవరిని ఏ వరుసలో నిలపాలన్న ప్రశ్నలో న్యాయవిచారణ ఇమిడి ఉంది. తిరుమలలో సర్వదర్శనానికి ఒక వరుస, రుసుము చెల్లించే ప్రత్యేక ప్రవేశ దర్శనానికి మరొక వరుస ఉన్నాయి. రుసుమును గాక, మనిషి అనుభవాన్ని ఆధారంగా తీసుకొని వరుసలను విభజించవచ్చునా? విమానాశ్రయాలలోని భద్రతా తనిఖీ ఈ ప్రశ్నకు చక్కని ఉదాహరణ.

నాగర్‌కర్నూల్ జిల్లా తిమ్మాజిపేట నుండి ఒక తల్లి, విదేశంలో ఉన్న కుమారుని చూడడానికి తొలిసారి విమానమెక్కబోతున్నదని ఊహించండి. జడ్చర్ల మీదుగా ఆమె శంషాబాదు చేరుకుంటుంది. 2008 మార్చిలో ప్రారంభమైన అక్కడి విమానాశ్రయంలో తనిఖీ బాధ్యత కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానిది. 1999 డిసెంబరులో మన విమానాన్ని కాందహారుకు హైజాక్ చేసిన ఘటన తరువాత, 2000 నుండి దేశంలోని విమానాశ్రయాల రక్షణను క్రమంగా ఈ దళానికి అప్పగించారు. చేతిసంచిని ఎక్స్‌రే యంత్రం గుండా పంపాలనీ, సెల్‌ఫోనును ట్రేలో ఉంచాలనీ ఆమెకు తెలియదు. సంచిలోని పెద్ద కొబ్బరినూనె సీసా అభ్యంతరకరమనీ తెలియదు. వెనుకనున్నవారు విసుగుకొంటారు. ఆ విసుగు ఆమె కంగారును పెంచుతుంది. కంగారు ఆలస్యాన్ని పెంచుతుంది.

ఈ చిక్కుకు అమెరికా రవాణా భద్రతా సంస్థ 2008లో ఒక పరిష్కారాన్ని పరీక్షించింది. సాల్ట్‌లేక్ సిటీ విమానాశ్రయంలో మూడు వరుసలను ఏర్పరచి, మంచుకొండలపై స్కీయింగు బాటలకు వాడే గుర్తులనే వాటికి పెట్టింది. పిల్లలతో వచ్చేవారికి, సహాయం కావలసినవారికి ఆకుపచ్చ వృత్తం. అప్పుడప్పుడు ప్రయాణించేవారికి నీలి చతురస్రం. ఆరితేరినవారికి నల్లని వజ్రాకృతి. ఏ వరుస తనదో ప్రయాణికుడే నిర్ణయించుకోవాలి.

దీనివలన కాలం కలిసివస్తుందా? లెక్కించి చూద్దాం. ఒక్కొక్క నిమిషం పట్టే అనుభవజ్ఞులు ఎనిమిది మంది, నాలుగేసి నిమిషాలు పట్టే కొత్తవారు ఇద్దరు, తనిఖీ ద్వారాలు రెండు అనుకుందాం. అనుభవజ్ఞులను ఒక ద్వారానికి, కొత్తవారిని మరొకదానికి పంపితే రెండుచోట్లా ఎనిమిదేసి నిమిషాలలో పని ముగుస్తుంది. ఒక్కొక్క వరుసలో నలుగురు అనుభవజ్ఞులను, ఒక కొత్తవారిని కలిపి నిలిపినా పట్టేది ఎనిమిది నిమిషాలే! అయితే లాభమెక్కడ? తోటివారి తొందర లేనిచోట కొత్తవారు నిదానంగా సూచనలు వినగలుగుతారు, పొరపాట్లు తగ్గుతాయి. ఆ విధంగా నాలుగు నిమిషాల పని మూడు నిమిషాలకు తగ్గినప్పుడే కాలం ఆదా అవుతుంది. కనుక విభజనలోని ప్రయోజనం వేగం కన్న ముందుగా మనశ్శాంతిలో ఉంది.

ఈ పద్ధతికి పరిమితులు లేకపోలేదు. తనను తాను నేర్పరిగా భావించుకొనేవారికి కొదువ లేదు. పొట్టి వరుస కనబడితే అందరూ అనుభవజ్ఞులే! పైగా గుర్తులు దేశాన్ని బట్టి అర్థాన్ని మార్చుకుంటాయి. మనకు ఆహారపు పొట్లాలపై ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తు. నల్లని వజ్రాకృతి ఏమీ చెప్పదు. వరుసను ఎంచుకోవడానికి సైతం కొంత అనుభవం కావాలన్నమాట. 2011లో అమెరికా, ముందుగా వివరాలు నమోదు చేసుకొని పరిశీలనలో నెగ్గినవారికి వేరు వరుస కల్పించే ప్రీచెక్ పద్ధతిని ఆరంభించింది. అంటే ఎంపిక ప్రయాణికుని చేతినుండి ప్రభుత్వం చేతికి మారింది.

మన హైదరాబాదులోనూ 2023లో ముఖాన్ని గుర్తించి లోనికి అనుమతించే డిజియాత్ర వచ్చింది. 2025 జనవరిలో, ముందుగా నమోదు చేసుకున్నవారికి ఇమ్మిగ్రేషన్ తనిఖీ త్వరగా ముగించే ఏర్పాటు జరిగింది. ఇవి మెచ్చదగినవే. కాని వీటి ఫలం ముందుగా దక్కేది స్మార్ట్‌ఫోను, చదువు, అలవాటు ఉన్నవారికి. వలసలకు పేరుపడిన పాలమూరు ప్రాంతం నుండి తొలిసారి బయలుదేరే శ్రామికునికి కావలసింది వేగం కాదు. తెలుగులో స్పష్టమైన సూచన, ఓర్పుగల ఒక మాట.

తెలిసినవారిని త్వరగా పంపడం సౌకర్యం. తెలియనివారిని కించపరచక నడిపించడం సంస్కారం. మంచి వరుస ఈ రెంటినీ సాధించాలి. నేటి అనుభవజ్ఞులందరూ ఒకనాడు కొత్తవారే కదా!

ప్రశ్నలు
1. వరుసల విభజన వలన కలిగే అసలు ప్రయోజనమేమిటి? వ్యాసంలోని లెక్క ఆధారంగా వివరించండి.
2. అనుభవాన్ని బట్టి వరుసలను విభజించడంలోని పరిమితులను తెలపండి.
3. మీ ఊరి బస్సు స్టేషనులోగాని, ఆసుపత్రిలోగాని కొత్తవారికి తోడ్పడే ఏర్పాటును సూచించండి.