పొగకు దారి తీర్చిన పొయ్యి

గోడయందే అమర్చి కట్టు ఫైర్‌ప్లేసు శీతలదేశములలో చలి కాచుకొనుటకై వెలసినది. మన ఇండ్లలో పొగగొట్టముతో గోడకానించి కట్టు పొయ్యి వంటకై వెలసినది. ప్రయోజనములు వేరైనను రెండింటికిని ముఖ్యాంగములు సమానములే: నిప్పు మండు గూడు, గాలి ప్రవేశించు నోరు, పొగ సాగు సొరంగము, దానిని అదుపుచేయు అడ్డుపలక, ఇంటికప్పును దాటి నిలుచు పొగగొట్టము.

పొగను దారికి తెచ్చు ఈ శాస్త్రమును సామాన్యుల వంటయింటికి తెచ్చిన మహత్తర కృషి మన హైదరాబాదుననే జరిగినది. ఇచ్చటి ఇంజనీరింగు పరిశోధనాలయమునకు సంచాలకులుగా నుండిన యస్. పి. రాజుగారు పొగలేని మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అను గ్రంథమును మద్రాసునుండి వెలువరించిరి. ఆ సంస్థ ఆంగ్లనామములోని తొలి అక్షరములనుబట్టి దానికి ‘హెర్ల్ చూలా’ యని పేరు వచ్చినది. పొగ, మసి, సెగ, వృథావ్యయము, అగ్నిభయము అను అయిదు బాధలనుండి గృహిణికి విముక్తి కలిగించుటయే వారి సంకల్పము.

మూడురాళ్ల పొయ్యిలో మంట నలుదిక్కుల చెదరిపోవుటచే వేడిమిలో అధికభాగము గాలిపాలగును. తడికట్టెలు రాజుకొనక, ఇల్లాలు వంగి ఊదుగొట్టముతో ఊదియూది కన్నీరు కార్చును. హెర్ల్ పొయ్యిలోనో, మంట మూతబడిన మార్గమున ఒక పాత్ర క్రిందినుండి మరియొక పాత్ర క్రిందికి సాగి, తన వేడిమిని ఒక్కొక్కదానికి అప్పగించి, తుదకు పొగగొట్టమును చేరును.

పొగను పైకి లాగు శక్తి యెక్కడిది? వేడెక్కిన వాయువు వ్యాకోచించి తేలికయగును. 30 డిగ్రీల బయటిగాలితో పోల్చినచో 300 డిగ్రీల పొగకు సాంద్రత సుమారు సగమే. గొట్టములోని ఆ తేలిక వాయువు పైకెగయగా, దాని స్థానమును పూరించుటకై క్రొత్తగాలి పొయ్యినోటినుండి లోనికి వచ్చి నిప్పును రగుల్చును. గొట్టము ఎత్తును, లోపలి వేడిమియు హెచ్చినకొలది ఈ లాగుడు హెచ్చును. మితిమీరినయెడల వేడియంతయు ఆకసము పాలగును గనుక అడ్డుపలకను కొంత మూయవలెను. అయితే నిప్పు ఆరకమునుపే దానిని పూర్తిగా మూసినచో, కంటికి కానరాని విషవాయువైన కార్బన్ మోనాక్సైడు గదిలో నిండి ప్రాణాపాయము కలిగించును.

లాగుడు సరిగా నున్నదో లేదో తెలిసికొనుటకు, పొయ్యి రాజుకొనిన పిమ్మట దాని నోటివద్ద వెలిగించిన అగరువత్తి నుంచిన చాలును. సన్నని పొగతీగ లోనికి వంగినచో మార్గము నిర్మలము. వెలుపలికి వచ్చినచో ఎచ్చటనో అవరోధమున్నట్లే. రెండవ పాత్ర నుంచవలసిన రంధ్రమును తెరచి విడుచుట, గొట్టమున మసి పేరుకొనుట, బూడిద తీయకుండుట తరచుగా కానవచ్చు కారణములు. హైదరాబాదులోని చాదర్‌ఘాటు, ఆబిడ్సు, నాంపల్లి వంటి పేటలలో ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొనియుండును గనుక మరియొక చిక్కు గలదు: పొగగొట్టము పొరుగు మేడకంటె పొట్టిదైనచో, గోడకు తాకి క్రిందికి మరలిన గాలి పొగను తిరిగి వంటయింటిలోనికి త్రోయును.

1983లో కేంద్రప్రభుత్వము మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమమును చేపట్టినది. ఆ పొయ్యిలు కట్టినచోట్ల సైతము గొట్టములను శుభ్రపరచువారు లేక పలుచోట్ల మూలబడినవి. కట్టుటతోనే పని తీరదు. ఇంటివారికి దాని మర్మము బోధపడవలెను. నేడు గ్యాసు వచ్చినను కట్టెలు మానని ఇండ్లు ఇంకను ఉన్నవి. అట్టి యింటిని కట్టువారు గోడ లేవకమునుపే పొగగొట్టమునకు చోటు నిర్ణయింపవలెను, మసి తీయుటకు దానియందొక తలుపు విడువవలెను. ఇందులకగు వ్యయము స్వల్పము. కాపాడబడునది ఇల్లాలి కన్నులును, పసిపాపల ఊపిరియును.