కాలిన ఇంజిన్ ఆయిల్‌ను మట్టిలోని బ్యాక్టీరియా తినేస్తుందా?

తెనాలి, బాపట్ల, రేపల్లెలో మెకానిక్ షెడ్డు మీద బతికే కుటుంబాలు మనలో ఉన్నాయి. బండి సర్వీసింగ్‌లో తీసిన కాలిన ఆయిల్ కొన్నిచోట్ల మట్టిలోకో, మురుగు కాల్వలోకో పోతుంది. ‘భూమే తాగేస్తుందిలే’ అనుకుంటాం. అందులో కొంత నిజముంది, పూర్తి నిజం మాత్రం కాదు.

పెట్రోల్, డీజిల్, ఇంజిన్ ఆయిల్‌లో ఎక్కువగా ఉండేవి హైడ్రోకార్బన్లు. మట్టిలో ఉండే సూడోమోనాస్ వంటి బ్యాక్టీరియాకు ఇవి ఆహారం. గాలిలోని ఆక్సిజన్ సాయంతో వీటిని ముక్కలు చేసి, చివరికి కార్బన్ డయాక్సైడ్, నీరుగా మారుస్తాయి. ఇలా కాలుష్యాన్ని శుభ్రం చేయడాన్నే బయోరెమిడియేషన్ అంటారు.

ఇది ఉత్త మాట కాదు. 2017 జనవరి 28న చెన్నై దగ్గర ఎన్నూరులో రెండు ఓడలు ఢీకొని ఆయిల్ సముద్రం పాలైంది. ఒడ్డుకు చేరిన జిడ్డు బురదను ఎత్తి, బ్యాక్టీరియాతో శుద్ధి చేశారు. మన దేశంలోనే టెరి సంస్థ ‘ఆయిల్‌జాపర్’ అనే బ్యాక్టీరియా మిశ్రమాన్ని తయారుచేసింది.

మరి మన షెడ్డు ముందు కూడా అలాగే జరుగుతుందా? బ్యాక్టీరియా బాగా పనిచేయాలంటే గాలి, తగినంత తేమ, నత్రజని, భాస్వరం కావాలి. అందుకే శుద్ధి చేసేవాళ్లు మట్టిని పదేపదే తిరగేస్తారు, ఎరువు కలుపుతారు. అప్పుడు కూడా నెలలు పడుతుంది. మన డెల్టా నల్లమట్టి బంకగా ఉంటుంది. నీళ్లు నిలిస్తే లోపలికి గాలి ఆడదు, పని నత్తనడక నడుస్తుంది.

ఇంకో చిక్కుంది. కాలిన ఆయిల్‌లో క్యాన్సర్ తెచ్చే కొన్ని మొండి హైడ్రోకార్బన్లు ఉంటాయి. అవి ఏళ్ల తరబడి మట్టిలో మిగిలిపోవచ్చు. ఇంజిన్ అరుగుదల నుంచి వచ్చిన లోహాలూ అందులో ఉంటాయి. లోహాన్ని ఏ బ్యాక్టీరియా కూడా తిని మాయం చేయలేదు. దగ్గర్లో చేతిపంపు ఉంటే ఆ నీళ్లు తాగేది మన పిల్లలే.

కాబట్టి మెకానిక్ భాయ్‌లు కాలిన ఆయిల్‌ను మూత ఉన్న డబ్బాలో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే ఇవ్వాలి. 2016 నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. నేల మీద ఒలికితే నీళ్లు కొట్టి కడగొద్దు. రంపపు పొట్టు చల్లి, అది పీల్చుకున్నాక ఎత్తి విడిగా ఉంచండి. దాన్ని తగలబెట్టొద్దు.

బ్యాక్టీరియా మనకు సాయం చేస్తుంది, నిజమే. కానీ రోజూ పోస్తూ పోతే దానికీ చేతకాదు.