రెండు చుక్కలు, ఒక గీత

ఒక రిపో లోపల ఇంకో రిపోను పెట్టుకోవడం సాఫ్ట్‌వేర్ టీముల్లో మామూలు సంగతే. యాప్ కోడ్ ఒకచోట ఉంటుంది, నాలుగైదు యాప్‌లు కలిసి వాడుకునే లైబ్రరీ వేరేచోట ఉంటుంది. యాప్ రిపోలో లైబ్రరీ ఒక ఫోల్డర్‌లా కనిపించాలి, దాని చరిత్ర మాత్రం దానికే ఉండాలి. గిట్‌లో ఈ పని చేసేది సబ్‌మాడ్యూల్. వాడినవాళ్లలో దాన్ని తిట్టుకోనివాళ్లు అరుదు. ఆ తిట్లలో చాలావాటి వెనక ఒకే గుర్తు ఉందని నా అభిప్రాయం: రెండు చుక్కలు, ఒక ఏటవాలు గీత. ‘../’ అంటే ఒక మెట్టు పైకి వెళ్లమని. ఏ మెట్టు మీద నిలబడి పైకి వెళ్లాలో ఆ గుర్తులో ఉండదు. ‘రామాలయం పక్క సందులో మూడో ఇల్లు’ అంటే ఊళ్లోవాళ్లకు చాలు. ఊరే తెలియనివాడికి అది చిరునామా కాదు. అయితే ఇలా ఉన్న చోటు నుంచి కొలిచే రిలేటివ్ పాత్‌ల మీద నమ్మకం పెట్టుకోకూడదని తేల్చేయడం తొందరపాటు. పాత్ రాసిన చోటు, అది చూపించే చోటు అనే రెండు కొసలూ కలిసి కదిలే చోట రిలేటివ్ పాత్ పూర్తి చిరునామాకన్నా గట్టిగా నిలుస్తుంది, విడివిడిగా కదిలే చోట తెగిపోతుంది. సబ్‌మాడ్యూల్ చరిత్రంతా ఈ తేడాను ఒక్కో చోట గుర్తిస్తూ వచ్చిన కథే.

ముందుగా రిలేటివ్ కానిదేమిటో చూడాలి. గిట్ 1.5.3తో 2007లో సబ్‌మాడ్యూల్ కమాండ్ వచ్చింది, లార్స్ యెమ్లి రాసిన షెల్ స్క్రిప్ట్ రూపంలో. దానికి పునాది గిట్‌లింక్ అనే నమోదు. బయటి రిపో తన ఫోల్డర్ల పట్టికలో మామూలు ఫైలుకు 100644 అని, ఫోల్డర్‌కు 040000 అని, సిమ్‌లింక్‌కు 120000 అని గుర్తు రాసుకుంటుంది. లోపలి రిపో ఉన్న చోట 160000 అని రాస్తుంది. సిమ్‌లింక్ గుర్తు, ఫోల్డర్ గుర్తు కలిపితే వచ్చే అంకె అది. ఫైల్ సిస్టమ్‌లో మామూలుగా చెల్లని విలువ కాబట్టి గిట్ దాన్ని సొంతం చేసుకుంది. ఆ గుర్తు పక్కన లోపలి రిపోలోని ఒక కమిట్ ఐడీ ఉంటుంది, 40 హెక్సాడెసిమల్ అంకెలు. అంతే, సర్వర్ పేరు కనబడదు, పాత్ కనబడదు. కమిట్ ఐడీ అందులోని సమాచారం నుంచే పుడుతుంది కాబట్టి ఏ దేశంలోని ఏ సర్వర్ నుంచి తెచ్చుకున్నా అది అదే. ‘ఏది’ అన్న ప్రశ్నకు జవాబు ఇంత బిగువుగా ఉంది కాబట్టే ‘ఎక్కడ’ అన్న ప్రశ్నకు సడలింపు ఇవ్వగలిగారు. ఆ రెండో జవాబు .గిట్‌మాడ్యూల్స్ అనే మామూలు టెక్స్ట్ ఫైలులో ఉంటుంది.

ఆ ఫైలులో యూఆర్ఎల్ ‘../లిబ్.గిట్’ అని ఉందనుకుందాం. గిట్ దాన్ని మీ డిస్క్ మీది ఫోల్డర్ నుంచి కొలవదు, బయటి రిపోను మీరు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో ఆ రిమోట్ చిరునామా నుంచి కొలుస్తుంది. రిమోట్ ‘సర్వర్/టీమ్/యాప్.గిట్’ అయితే ఒక ‘../’కు చివరి భాగం ఒకటి తెగి, ‘సర్వర్/టీమ్/లిబ్.గిట్’ వస్తుంది. ఇక్కడ ఒక సొగసైన మెలిక ఉంది. వెబ్ పేజీలో ఇదే ‘../’ రాస్తే బ్రౌజర్ ఇచ్చే జవాబు ‘సర్వర్/లిబ్.గిట్’. బ్రౌజర్ దృష్టిలో యాప్.గిట్ ఒక పత్రం, అది ఉన్న ఫోల్డర్ టీమ్, దానికి పైన సర్వర్. గిట్ దృష్టిలో యాప్.గిట్ ఒక ఫోల్డర్, దానికి పైన టీమ్. వెబ్ అలవాటుతో వచ్చినవాళ్లు ఒక మెట్టు తప్పడానికి ఇదే కారణం. ఎస్ఎస్‌హెచ్ చిరునామాల్లో సర్వర్ పేరు తర్వాత వచ్చే కోలన్‌ను కూడా గిట్ మెట్టుగానే లెక్కిస్తుంది, అందుకే హెచ్‌టీటీపీఎస్‌తో తెచ్చుకున్నవారికీ ఎస్ఎస్‌హెచ్‌తో తెచ్చుకున్నవారికీ అదే ఒక్క వాక్యం పనిచేస్తుంది.

ఈ విషయంలో గిట్‌కు పోటీ సబ్‌వర్షన్. అందులో సబ్‌మాడ్యూల్ లాంటి పని చేసే ఎక్స్‌టర్నల్స్ మొదట్లో పూర్తి యూఆర్ఎల్ మాత్రమే ఒప్పుకునేవి. సర్వర్ పేరు మారిన రోజున ఈనాటి కోడ్‌లో దిద్దుకోవచ్చు, కానీ పాత రివిజన్లలోని యూఆర్ఎల్ చరిత్రలో భాగం, దాన్ని దిద్దలేం. మూడేళ్ల కిందటి రిలీజ్‌ను మళ్లీ బిల్డ్ చేయబోతే అది లేని సర్వర్‌ను వెతుక్కునేది. 2008లో వచ్చిన 1.5 వెర్షన్ దీన్ని సరిచేస్తూ నాలుగు రకాల రిలేటివ్ రాతలు ఇచ్చింది: ప్రస్తుత ఫోల్డర్ నుంచి, రిపో మొదలు నుంచి, సర్వర్ మొదలు నుంచి, ప్రోటోకాల్ నుంచి. ‘^/’ అని రాస్తే రిపో మొదలు అని అర్థం. ఏ మెట్టు నుంచి కొలవాలో రాతలోనే చెప్పడం నాకు గిట్ పద్ధతికన్నా నిజాయితీగా అనిపిస్తుంది. గిట్ కొలిచే రిమోట్ రిపోలో భాగం కూడా కాదు, అది ఒక్కొక్కరి కాన్ఫిగ్‌లో ఉండే సొంత అమరిక.

అదే పెద్ద ఆక్షేపణకూ దారి తీసింది. యాప్‌ను మీ ఖాతాలోకి ఫోర్క్ చేసుకుని క్లోన్ చేస్తే ‘../లిబ్.గిట్’ మీ ఖాతాలో లిబ్ కోసం వెతుకుతుంది. మీరు దాన్ని ఫోర్క్ చేయలేదు కాబట్టి పని ఆగుతుంది. ఒకే కమిట్ ఇద్దరి దగ్గర రెండు చిరునామాలుగా విడిపోవడం లోపమేనని వాదించేవారున్నారు. కానీ సంస్థ లోపలి మిర్రర్‌కు రిపోలన్నిటినీ మార్చినప్పుడు ఒక్క అక్షరం దిద్దకుండా పాత కమిట్లతో సహా అన్నీ పనిచేయడానికి కారణం కూడా ఆ గుణమే. మిర్రర్‌లో రెండు కొసలూ కలిసి కదులుతాయి, ఫోర్క్‌లో ఒక్కటే కదులుతుంది. అందుకని సొంత టీమ్ రిపోలు పక్కపక్కనే ఉంటే రిలేటివ్, బయటివారి లైబ్రరీకి పూర్తి యూఆర్ఎల్ రాయడమే సబబు. ఫోర్క్ చేసినవారికి గిట్ ఒక తలుపు తెరిచే ఉంచింది: ఇనిట్ చేసినప్పుడు లెక్కగట్టిన యూఆర్ఎల్ స్థానిక కాన్ఫిగ్‌లోకి కాపీ అవుతుంది, అక్కడ దాన్ని మార్చుకోవచ్చు.

రెండో ‘../’ డిస్క్ మీద ఉంటుంది. మొదట్లో లోపలి రిపో చరిత్ర దాని ఫోల్డర్‌లోనే ఉండేది. ఆ ఫోల్డర్‌ను తీసేస్తే చరిత్రా పోయేది. 2011 చివర్లో వచ్చిన 1.7.8 ఆ చరిత్రను బయటి రిపో ‘.గిట్/మాడ్యూల్స్’లోకి తరలించి, లోపల ఒక వరుస ఉన్న చిన్న ఫైలు మాత్రం మిగిల్చింది. లిబ్ అనే సబ్‌మాడ్యూల్‌లో ఆ వరుస ‘../.గిట్/మాడ్యూల్స్/లిబ్’ వైపు చూపిస్తుంది. అక్కడి కాన్ఫిగ్ ‘../../../లిబ్’ అంటూ తిరిగి పని ఫోల్డర్ వైపు చూపిస్తుంది. మొదట ఈ రెండు సూచికల్లో పూర్తి పాత్‌లే రాశారు, దాంతో ప్రాజెక్ట్ ఫోల్డర్‌ను పక్కకు జరిపితే చాలు రెండూ తెగేవి. 2012లో వాటిని రిలేటివ్ చేశారు. ఇప్పుడు మొత్తం ప్రాజెక్ట్‌ను ఇంకో డిస్క్‌కు మార్చినా సూచికల మధ్య దూరం మారదు. సబ్‌మాడ్యూల్ ఫోల్డర్ ఒక్కదాన్నే కంటెయినర్‌లోకి మౌంట్ చేస్తే మాత్రం అందులో గిట్ ఇది రిపోయే కాదంటుంది, ఎందుకంటే ‘../’ చూపించే చోటు కంటెయినర్‌లో లేదు. అక్కడ పూర్తి పాత్ ఉన్నా ఫలితం అదే కాబట్టి ఆ నేరం రిలేటివ్ పాత్ మీద మోపలేం.

మూడోచోట ‘../’ అసలు ఉండకూడదు. ‘.గిట్/మాడ్యూల్స్’ కింద ఏ ఫోల్డర్ వాడాలో సబ్‌మాడ్యూల్ పేరు నిర్ణయిస్తుంది, ఆ పేరు .గిట్‌మాడ్యూల్స్ నుంచి, అంటే రిపో రాసిన అపరిచితుడి నుంచి వస్తుంది. పేరులోనే ‘../’ పెడితే గిట్ ఆ గది దాటి బయటికి వచ్చి, దాడి చేసేవాడు కోడ్‌తో పాటు పంపిన ఫోల్డర్‌ను రిపో చరిత్రగా నమ్మేది. అందులోని హుక్, అంటే గిట్ తనంతట తనే నడిపే స్క్రిప్ట్, క్లోన్ చేస్తున్నవారి కంప్యూటర్‌లోనే నడిచేది. 2018 మేలో 2.17.1 ఈ తలుపు మూసింది: పేరులో ఒక భాగంగా రెండు చుక్కలు కనిపిస్తే ఆ సబ్‌మాడ్యూల్‌ను గిట్ తిరస్కరిస్తుంది. రిలేటివ్ పాత్‌లన్నిటినీ నిషేధించకుండా ఈ ఒక్క చోటే ఆపడం సరైన తీర్పు. యూఆర్ఎల్‌లో ‘../’ తప్పుదారి పట్టించినా అక్కడ సరైన కమిట్ దొరకకపోతే పని ఆగిపోతుంది. పేరుకు అలాంటి కాపలా లేదు.

మిగిలినవి చిన్న సంగతులు. 1.8.5 నుంచి గిట్ ఎంవీ కమాండ్ సబ్‌మాడ్యూల్‌ను జరిపినప్పుడు సూచికలను తనే సరిచేస్తుంది. ఆండ్రాయిడ్ వాళ్లు సబ్‌మాడ్యూల్ వదిలి సొంతంగా రెపో అనే సాధనం రాసుకున్నారు. వాళ్ల మానిఫెస్ట్ ఫైలులోనూ రిమోట్ చిరునామా ‘..’ అనే ఉంటుంది. ఒకే రిపోకు పక్కపక్కన అనేక పని ఫోల్డర్లు ఇచ్చే వర్క్‌ట్రీ 2015లో వచ్చి, సబ్‌మాడ్యూల్ 2012లో దిద్దుకున్న పొరపాటునే మళ్లీ చేస్తూ పూర్తి పాత్‌లు రాసింది. అక్కడ రిలేటివ్ పాత్‌లు కోరుకునే వీలు 2025 జనవరిలో 2.48తో వచ్చింది. వాటిని ఎంచుకున్న రిపోను పాత గిట్ వెర్షన్లు తెరవవు, బహుశా అందుకే డిఫాల్ట్‌ను మార్చలేదు.