లేజరును ఎండ నుంచి కాచే పెల్టియర్ పలక

పాలకుర్తిలో మే నెల మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. అయినా ఇళ్లకు ఇంటర్నెట్ తెచ్చే చివరి గాజు తీగకు ఆ వేడితో పెద్ద ఇబ్బంది లేదు. ఇళ్లకొచ్చే ఈ జీపాన్ (GPON) లైన్లలో ఇంటికి చేరే వెలుగు 1490 నానోమీటర్లు, ఇంటి నుంచి వెళ్లేది 1310. రెంటి మధ్య అంత ఎడం ఉంది కనుక, ఆ వెలుగు పంపే లేజరు వేడెక్కి తరంగదైర్ఘ్యం కాస్త జరిగినా నష్టం లేదు.

నగరాలను కలిపే పెద్ద లైన్ల సంగతి వేరు. అక్కడ ఒకే గాజు పోగులో పదుల కొద్దీ తరంగదైర్ఘ్యాలు పక్కపక్కనే నడుస్తాయి. 1550 నానోమీటర్ల దగ్గర చానెల్‌కీ చానెల్‌కీ ఎడం 0.8 నానోమీటరు, కొన్నిచోట్ల అందులో సగమే. లేజరు ఒక్క డిగ్రీ వేడెక్కితే తరంగదైర్ఘ్యం సుమారు 0.1 నానోమీటరు పెరుగుతుంది. అంటే 8 డిగ్రీలకే పక్క చానెల్‌లోకి చొరబడుతుంది! వేసవిలో మన దగ్గర తెల్లవారుజాముకీ మధ్యాహ్నానికీ ఉండే తేడా అంతకన్నా ఎక్కువ.

అందుకే ఆ లేజరు కింద గోరంత పెల్టియర్ పలక ఒకటి పెడతారు. రెండు లోహాల అతుకుల గుండా కరెంటు పంపితే ఒక అతుకు చల్లబడి, మరొకటి వేడెక్కుతుందని 1834లో ఫ్రాన్స్‌లో పెల్టియర్ గమనించాడు. నాలుగేళ్లకు లెంజ్ అనే శాస్త్రవేత్త, బిస్మత్-ఆంటిమొనీ అతుకు మీద నీటిబొట్టును గడ్డకట్టించి, కరెంటు దిశ తిప్పి దాన్నే కరిగించాడు. నా దృష్టిలో అసలు విశేషం ఆ తిప్పడంలోనే ఉంది. ఫ్రిజ్‌గా చూస్తే పెల్టియర్ పలక కరెంటు దండగ. కానీ వేసవిలో చల్లబరచడానికీ, చలికాలం వెచ్చబెట్టడానికీ అదే పలక చాలు, కదిలే భాగం ఒక్కటీ లేకుండా. నేటి పలకల్లో బిస్మత్ టెల్యురైడ్ దిమ్మెలు ఉంటాయి. లేజరు పక్కనున్న థర్మిస్టర్ వేడిని కొలుస్తూ ఉంటే, నియంత్రణ సర్క్యూట్ కరెంటును అటూ ఇటూ సర్దుతూ లేజరును 25 డిగ్రీల దగ్గర, డిగ్రీలో వందో వంతు తేడాతో నిలబెట్టగలదు.

చిక్కంతా రెండో వైపు. లేజరు నుంచి తోడిన వేడీ, పలకలో కరెంటు పుట్టించిన వేడీ కలిసి, ఆ వైపున అతికించిన హీట్‌సింక్ ద్వారా బయటికి పోవాలి. పలక చల్లబరిచే శక్తి కరెంటుతో పాటు పెరుగుతుంది. కరెంటు పుట్టించే వేడి మాత్రం దాని వర్గంతో పెరుగుతుంది. అందులో దాదాపు సగం చల్లని వైపుకే తిరిగొస్తుంది. గాలి ఆడక హీట్‌సింక్ వేడెక్కితే సర్క్యూట్ కరెంటు పెంచుతుంది, హీట్‌సింక్ ఇంకా కాగుతుంది. ఒక హద్దు దాటాక కరెంటు పెంచిన కొద్దీ లేజరు చల్లబడదు సరికదా, వేడెక్కుతుంది. అందుకే కరెంటుకు గరిష్ఠ పరిమితి పెడతారు. పరికరాల గదుల్లో ఫిల్టర్ల దుమ్ము దులిపి, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూడాల్సింది కూడా ఎండలు ముదరకముందే.