కారు లోపలి పరిశుభ్రత

కారు లోపలి పరిశుభ్రత అనగా సొంత కారులోని సీట్లు, స్టీరింగు, గేరు పిడి, మ్యాట్లు, డిక్కీ మొదలైన భాగాలలో చేరే మురికిని, సూక్ష్మజీవులను తొలగించి, లోపలి గాలిని ఆరోగ్యకరంగా ఉంచుకొనుట. బయటి మెరుపునకు లభించే శ్రద్ధ లోపలి భాగానికి సాధారణంగా లభించదు. నిజామాబాదు పట్టణంలోని కంఠేశ్వర్ మొదలుకొని బోధన్ చెరకు ప్రాంతం వరకు తీవ్రమైన ఎండ, దుమ్ము, వర్షాకాలపు తేమ, కార్లలోనే పంట సరుకులు తరలించే అలవాటు కలిసి ఈ విషయానికి ప్రాముఖ్యాన్ని పెంచుతున్నవి.

సూక్ష్మజీవుల రకాలు

కారులోని బాక్టీరియాలో అధికభాగం ప్రయాణికుల చర్మం నుండి వచ్చినదే. 2014లో బయోఫౌలింగ్ అనే పత్రికలో వెలువడిన అమెరికా పరిశోధనలో స్టెఫిలోకాకస్, ప్రొపియోనిబాక్టీరియం అను ప్రజాతులు దాదాపు అన్ని చోట్లా ప్రధానంగా కనిపించినవి. సేకరించిన స్టెఫిలోకాకస్ ఆరియస్ రకాలలో 22.6 శాతం రెండు లేదా అంతకన్నా ఎక్కువ యాంటీబయాటిక్ మందులకు లొంగలేదు. ఆరోగ్యవంతుల ముక్కులో ఈ క్రిమి ఏ హానీ చేయకుండా ఉండగలదు. తెగిన గాయం ద్వారా లోనికి పోతే చీము గడ్డలు కలిగిస్తుంది.

2022లో ఇంగ్లండులోని ఆస్టన్ విశ్వవిద్యాలయం వారు 5 పాత కార్లను పరీక్షించగా డిక్కీలో అత్యధిక బాక్టీరియా, స్టీరింగుపై తక్కువ బాక్టీరియా బయటపడినవి. మలం ద్వారా వ్యాపించే ఇ. కోలి కూడా అందులో ఉన్నది. అయిదు కార్లు చాలా చిన్న సంఖ్య కావున ఈ అంకెలకు మితిమీరిన విలువ ఇవ్వరాదు. అయినను కూరగాయలు, కోళ్ళు, బురద చెప్పులు ఒకే డిక్కీలో పెట్టువారికి ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు.

స్థానిక పరిస్థితులు

నిజామాబాదు పసుపు మార్కెట్టుకు ప్రసిద్ధి. పసుపు బస్తాల ధూళి, బెల్లం, చెరకు రసపు మరకలు సీటు కవర్ల కుట్లలో చేరుతవి. బోధన్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడినను ఆ ప్రాంతంలో చెరకు సాగు పూర్తిగా పోలేదు. తీపి మరకకు తేమ తోడైతే బూజు, చీమలు రెండూ వస్తవి. కొత్త కారుకు గుడి వద్ద పూజ చేయించినప్పుడు డ్యాష్‌బోర్డుపై ఉంచిన పూలు, మ్యాటుపై ఒలికిన కొబ్బరినీరు కూడా ఇట్టివే. వాటిని మరునాడే తీసివేయుట మంచిది.

ఎండలో నిలిపితే క్రిములన్నీ చచ్చిపోవునన్న నమ్మకం కలదు. ఇది సగమే నిజం. 2005లో పీడియాట్రిక్స్ పత్రికలో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం మూసిన కారులో ఉష్ణోగ్రత గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. వేసవిలో ఆ వేడి చాలా క్రిములను చంపగలదు. కాని బాసిల్లస్ వంటి బాక్టీరియా సిద్ధబీజాలు మరిగే నీటిని కూడా తట్టుకుంటవి. సీట్ల కింది తడి మ్యాట్లు అంతగా వేడెక్కవు. ఆ వేడి క్రిముల కన్నా ముందుగా పిల్లలకు ప్రాణాంతకం. కొద్ది నిమిషాలకైనను పిల్లలను మూసిన కారులో వదలరాదు.

ఏసీ, గాలి ద్వారా సోకే వ్యాధులు

స్టీరింగు కన్నా గాలి ప్రమాదకరం. ఏసీలోని చల్లబరచు తీగచుట్టపై నీరు పేరుకొని, దుమ్ముతో కలిసి బూజు పెరుగుతుంది. ఏసీ వేయగానే వచ్చే ముక్కవాసనకు కారణం ఇదే. గమ్యం చేరడానికి కొద్ది నిమిషాల ముందు ఏసీ ఆపి ఫ్యాను మాత్రం నడిపితే ఆ తడి ఆరిపోతుంది. క్యాబిన్ ఫిల్టరును తయారీదారు సూచించిన గడువులో మార్చవలెను. దుమ్ము అధికమైన చోట ఇంకా ముందే మార్చవలసి రావచ్చును.

లోపలి గాలినే తిరిగి తిప్పే మీట వేసి ఉంచితే కారు త్వరగా చల్లబడుతుంది, కాని దగ్గు, తుమ్ముల తుంపరలు బయటకు పోవు. ఆస్ట్రేలియా పరిశోధకులు ఇన్‌ఫ్లూయెంజా విషయమై లెక్కించగా, కొత్త నమూనా కారులో ఈ మీట వేసి 90 నిమిషాలు ప్రయాణిస్తే సోకే అవకాశం 59 నుండి 99.9 శాతం వరకు ఉన్నది. బోధన్ నుండి 63వ జాతీయ రహదారి మీదుగా నిజామాబాదు ఆసుపత్రికి దగ్గుతో బాధపడే రోగిని సొంత కారులో తెచ్చువారికి ఇది ముఖ్యమైన విషయం. ఆ దగ్గు క్షయ వలన కావచ్చును. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం వారి గణనల ప్రకారం అన్ని అద్దాలు దించుట ఉత్తమం. డ్రైవరు, వెనుక ఎదురు మూలన ఒక ప్రయాణికుడు ఉండి రెండే అద్దాలు దించవలసి వస్తే, తమ పక్కవి కాక, ఎదురు పక్కవి దించిన గాలి బాగా మారుతుంది.

వైపరు నీరు

ముందు అద్దం కడిగే తొట్టిలో కుళాయి నీరు పోయుట సర్వసాధారణం. లెజియోనెల్లా అను బాక్టీరియా నిలవ ఉన్న గోరువెచ్చని నీటిలో పెరిగి, తుంపరల ద్వారా ఊపిరితిత్తులలో చేరి నిమోనియా కలిగిస్తుంది. వైపరు ద్రావణం కలపని నీరు ఈ వ్యాధికి ఒక కారణమని 2010లో ఇంగ్లండు పరిశోధకులు గుర్తించినారు. ఖర్చు స్వల్పమే కనుక ద్రావణం కలుపుటయే మేలు.

శుభ్రపరచు విధానం

మొదట వ్యాక్యూమ్‌తో దుమ్ము తీయవలెను. పొడి చీపురుతో ఊడ్చితే ధూళి గాలిలోకి లేచి మళ్ళీ సీట్లపైనే పడుతుంది. చేతులు తగిలే భాగాలను సబ్బు నీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడవవలెను. బకెట్లతో నీరు పోసిన యెడల కార్పెటు కింది స్పాంజి వర్షాకాలంలో ఆరక బూజు పడుతుంది. బ్లీచింగ్ పౌడరు సీట్లను, ఇనుప భాగాలను పాడుచేస్తుంది. స్పిరిటు ఎక్కువసార్లు వాడితే తోలు పగులుతుంది. కారు వేడికే శానిటైజరు సీసా దానంతటదే అంటుకొనునని 2020లో సాగిన ప్రచారం సరికాదు. ఆల్కహాలు స్వయంగా మండుటకు 350 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడి కావలెను. అయితే మూత సరిగా లేని సీసా ఉన్న కారులో బీడీ వెలిగించుట ప్రమాదమే.