ఏనుగు కింద దాగిన మనిషి

'ఏట్రా... పెద్ద కోడి రామ్మూర్తి ననుకుంతన్నావా?'

శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో పెరిగినవాళ్లకి ఈ మాట కొత్త కాదు. పదేళ్ల కుర్రాడు ధాన్యం బస్తా ఎత్తబోయినా, బావమరిదిని కుస్తీకి పిలిచినా అమ్మమ్మ నోటి నుంచి ఇదే వచ్చేది. తిట్టో మెప్పో తెలీదు. కోడి రామ్మూర్తి ఎవరో కూడా చాలామంది పిల్లలకు తెలీదు. బలమైనవాడని మాత్రం తెలుసు. ఎంత బలమంటే గుండెల మీద ఏనుగునెక్కించుకునేంత!

ఆయన పేరు మీద శ్రీకాకుళంలో స్టేడియం ఉంది. విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది. 'కలియుగ భీమ', 'మల్లమార్తాండ', 'ఇండియన్ హెర్క్యులస్'... బిరుదులకు లెక్కలేదు. ఆ బిరుదుల వెనక ఉన్న మనిషి కథను మొదటి నుంచి చివరి దాకా రాయాలని కూర్చుంటే మాత్రం పుట్టినరోజు దగ్గరే కలం ఆగిపోతుంది. 1882 ఏప్రిల్ అని కొందరు రాశారు. 1883 నవంబరు 3 అని మరికొందరు. ఊరి విషయంలో తగాదా లేదు... వీరఘట్టం. తండ్రి వెంకన్ననాయుడు. చిన్నప్పుడే తల్లి పోయింది. శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. దాంతో ఆయన ఏ జిల్లా మనిషన్నది కూడా ఇప్పుడు రెండు రకాలుగా రాయాల్సివస్తోంది!

బాక్సర్ అయితే సుఖం

అదే కాలానికి చెందిన ఓ బాక్సర్ జీవితం రాయాలనుకోండి. జాక్ జాన్సన్ సంగతే చూద్దాం. ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ గెలిచిన తొలి నల్లజాతీయుడు. 1908 డిసెంబరు 26న సిడ్నీలో టామీ బర్న్స్‌ని పద్నాలుగో రౌండులో ఓడించాడు. 1910 జులై 4న రీనోలో జెఫ్రీస్‌ని పదిహేనో రౌండులో పడగొట్టాడు. ఎవరితో, ఎక్కడ, ఎన్ని రౌండ్లు... అన్నీ మర్నాటి పేపర్లలో వచ్చాయి. సినిమా కూడా తీశారు. మన గామా పహిల్వాన్‌కూ ఆ అదృష్టం కొంత దక్కింది. 1910 సెప్టెంబరు 10న లండన్‌లో జిబిస్కోతో ఆయన రెండున్నర గంటలకు పైగా తలపడ్డాడని అక్కడి పేపర్లే సాక్ష్యం.

రామ్మూర్తిని తలచుకోగానే మనకు గుర్తొచ్చేది మాత్రం గోదాలో ఎదుట నిలబడ్డ మల్లుడు కాదు. ఇనుప గొలుసు, మోటారుకారు, ఏనుగు! వాటితో పోటీకి రౌండ్లుండవు, రిఫరీ ఉండడు. చూసినవాళ్లు చెప్పిందే లెక్క. చూసినవాళ్లు ఇంటికొచ్చి మనవలకు చెప్పారు, మనవలు ఇంకాస్త కలిపారు.

ఆయన చిన్నతనంలో అల్లరి భరించలేనిదట. ఇంట్లోంచి అడవికి పారిపోయి, వారం తర్వాత పులిపిల్లను చంకనేసుకుని వీధుల్లోకి వచ్చాడని వీరఘట్టం కథ. నిజమో కాదో గానీ, ఈ కుర్రాణ్ని ఎక్కడికైనా పంపించెయ్యాలని తండ్రి ఎందుకనుకున్నాడో మాత్రం అర్థమవుతుంది. విజయనగరంలో పోలీసు ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న బాబాయి నారాయణస్వామి దగ్గరికి పంపారు. అక్కడ ఆ అల్లరికి వ్యాయామశాల దొరికింది. అది గురజాడ అప్పారావు, ఆదిభట్ల నారాయణదాసు తిరుగాడుతున్న విజయనగరం. ఒకవైపు సాహిత్యం, హరికథ. మరోవైపు సాము, గరిడీ, కుస్తీ.

తర్వాత మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ. వైఎంసీఏ వ్యాయామ కళాశాల పుట్టింది 1920లో కాబట్టి అది ఇది కాదు. కొన్నిచోట్ల రెండింటినీ కలిపేస్తుంటారు. తిరిగొచ్చి తాను చదువుకున్న విజయనగరం స్కూల్లోనే వ్యాయామోపాధ్యాయుడయ్యాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ మా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు ఇదే. ఆయన పుట్టు వింత కాదు. తాను నేర్చుకుని, పిల్లలకు నేర్పించిన మేస్టారు. తర్వాత దేశమంతా ఆయన్ని 'ప్రొఫెసర్ రామ్మూర్తి' అని పిలిచింది!

శాండో బనియన్

మనం రోజూ వేసుకునే చేతుల్లేని బనియన్‌కి 'శాండో' అన్న పేరు ఎక్కడిది? జర్మనీలో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ యూజెన్ శాండో అనే కండల వీరుడిది. 1904-05లో ఆయన మనదేశమంతా తిరిగి ప్రదర్శనలిచ్చాడు. కండలు పెంచడం ఒక శాస్త్రమనీ, టిక్కెట్టు పెట్టి చూపించొచ్చనీ మనవాళ్లకు అర్థమైన రోజులవి. అప్పటికే సర్కస్ కూడా మనదేశంలో వేళ్లూనుకుంది. 1880లో బొంబాయిలో విష్ణుపంత్ ఛత్రే మొదటి భారతీయ సర్కస్ పెట్టాడు. బెంగాల్లో బోస్ సర్కస్ ఉంది. స్నేహితుడు పొట్టి పంతులు సాయంతో రామ్మూర్తి తన సర్కస్ మొదలుపెట్టింది ఈ గాలిలోనే. 'ఇండియన్ శాండో' అన్న బిరుదూ అందుకే వచ్చింది. ఒకరి పేరు బనియన్‌లో మిగిలితే, ఇంకొకరి పేరు అమ్మమ్మ తిట్టులో మిగిలింది.

ఇక ఆ విద్యలు. ఒంటికి గొలుసు బిగించి, ఊపిరి పీల్చి, ఛాతీ పొంగించి తెంపడం. రెండు కార్లను తాళ్లతో భుజాలకు కట్టించుకుని కదలకుండా నిలపడం. ఇవి జరిగే పనులేనా? జరిగేవే. పరిగెత్తే కారును ఆపడం వేరు, ఆగి ఉన్న కారును కదలనివ్వకపోవడం వేరు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్-టీ కారు ఇంజిను శక్తి 20 హార్స్‌పవర్. మడమలు తన్నిపెట్టి, తాడు బిగుతుగా ఉన్నప్పుడే వెనక్కి వాలితే ఇంజిను ఆగిపోతుంది, లేదా చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. ఏనుగు విద్యలోనూ అంతే. వీరుడు వెల్లకిలా పడుకుంటాడు. పైన మందపాటి బల్ల వేస్తారు. ఏనుగు బరువు ఒక్కచోట పడకుండా బల్ల దాన్ని పరుస్తుంది. ఇంత తెలిశాక ఆ విద్య విలువ తగ్గిందనిపిస్తే మీరొకసారి బల్ల కింద పడుకుని, మీదకి బావమరుదులు నలుగురిని ఎక్కమనండి! ఊపిరి బిగబట్టడంలో క్షణం తడబడితే పక్కటెముకలు మిగలవు. ప్రాణాయామమే తన బలమని ఆయన చెప్పేవారట. ఇంటిపేరు కోడి అయినా ఆయన శాకాహారి అనీ చెబుతారు.

కథల్ని జల్లెడ పడితే

విశాఖపట్నంలో వైస్రాయ్ లార్డ్ మింటో కారును కదలకుండా పట్టుకున్నాడన్నది ఉత్తరాంధ్రలో అందరికీ తెలిసిన కథ. మింటో వైస్రాయ్‌గా ఉన్నది 1905 నవంబరు నుంచి 1910 నవంబరు వరకే. కాబట్టి వెతకాల్సింది ఆ ఐదేళ్ల పేపర్లలో. లండన్ వెళ్లి అయిదో జార్జి చక్రవర్తి, మేరీ రాణి ఎదుట ప్రదర్శన ఇచ్చాడన్నది ఇంకో కథ. జార్జి గద్దెనెక్కింది 1910 మేలో. ఆయన ఏ రోజు ఎవరిని కలిసిందీ 'కోర్ట్ సర్క్యులర్' పేరుతో లండన్ పేపర్లలో అచ్చయ్యేది. 1878 నుంచి 1960 వరకు ఓడల్లో ఇంగ్లండులో దిగినవాళ్ల జాబితాలు అక్కడి నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఓపికున్న పరిశోధకుడికి ఇదంతా తవ్వదగ్గ నేల. స్పెయిన్‌లో ఎద్దును కొమ్ములు పట్టి పడగొట్టాడన్న కథకూ ముందు ఆ ఓడ టిక్కెట్టే కావాలి.

ఇలా తవ్వేవాళ్లకు ఒక చిక్కుంది. ఇంగ్లిషు పేపర్లు ఆయన పేరును నాలుగైదు రకాలుగా రాశాయి. రామమూర్తి, రామమూర్తీ, రామ్మూర్తి, రామ మూర్తి... 'కోడి' అన్న ఇంటిపేరు మన ప్రాంతం దాటితే కనిపించడమే అరుదు. ఇంటర్నెట్‌లో 'కోడి' అని కొడితే ముందుగా వచ్చేది టీవీలో సినిమాలు చూసుకునే సాఫ్ట్‌వేర్! తెలుగులో అయితే 1902లో మొదలైన కృష్ణాపత్రిక, 1908లో బొంబాయి నుంచి వారపత్రికగా వచ్చి 1914లో మద్రాసులో దినపత్రికైన ఆంధ్రపత్రిక చూడాలి. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం లాంటి చోట్ల పాత పత్రికల దస్తరాలున్నాయి.

ఆశ్చర్యం ఏమిటంటే, ఆయన గురించి గట్టి ఆధారమొకటి బెంగాలీల దగ్గరుంది. భవేంద్రమోహన్ సాహా అనే కుర్రాడు కలకత్తాలో రామ్మూర్తి సర్కస్ చూసి, ఇల్లు విడిచి ఆ బృందంలో చేరిపోయాడు. రంగూన్, సింగపూర్, జావా తిరిగాడు. తర్వాత 'భీమ్ భవానీ'గా బెంగాల్లో ఇంటింటి పేరయ్యాడు. 1922లో చిన్నవయసులోనే పోయాడు. ఆయన జీవితం గురించి రాసిన ప్రతి బెంగాలీ మన వీరఘట్టం మనిషిని తలచుకోక తప్పలేదు. మనం మన మనిషి కోసం బెంగాలీ చదువుకోవాలన్నమాట.

పాట్నా... ఏ పాట్నా?

చివరి రోజులు కష్టంగా గడిచాయి. లక్షలు గడించి దానాలకే ఖర్చు చేశాడంటారు. కాలికి పుండు పడి శస్త్రచికిత్స తప్పలేదు. మత్తు వద్దని, ఊపిరి బిగబట్టి కోయించుకున్నాడనీ ప్రతీతి. పాట్నా మహారాజు ఆదుకున్నాడని చదివి బీహారు పాట్నా అనుకున్నవాళ్లున్నారు. అది ఒడిశాలోని పాట్నా సంస్థానం. రాజధాని బలంగీర్. అప్పటి రాజు రాజేంద్ర నారాయణ సింగ్ దేవ్, 1967లో ఒడిశా ముఖ్యమంత్రి అయినాయన. ఒక్క ఊరి పేరు తప్పు చదివితే పరిశోధకుడు వందల కిలోమీటర్లు పక్కకు పోతాడు.

రామ్మూర్తి బలంగీర్‌లోనే కన్నుమూశాడు. 1942 జనవరి 16 అంటారు. భోగి రాత్రి పడుకున్న మనిషి సంక్రాంతి నాటికి లేవలేదనీ అంటారు. రెండూ నిజం కాలేవు. ఆ కాలంలో సంక్రాంతి జనవరి 13, 14 తేదీల్లోనే వచ్చేది. 16 నాటికి భోగిమంటలు చల్లారి, కనుమ కూడా దాటిపోయి ఉంటుంది. తేదీ అయినా తప్పయి ఉండాలి, పండగ అయినా తర్వాత ఎవరో కలిపి ఉండాలి. మావరకు మాకు రెండోదే అనిపిస్తోంది. అంతటి మనిషి మామూలు రోజున పోయాడంటే ఊరు ఒప్పుకుని ఉండదు.