ముదిరిన రొమ్ము క్యాన్సరు: ప్రథమ దశ ఔషధ ప్రయోగములలో ఎవరు చేరవచ్చును?

క్యాన్సరు వైద్యమున 'దశ' అను మాట రెండర్థములలో వాడబడుచున్నది. ఇందువలన అనేక కుటుంబములు పొరపడుచున్నవి. వ్యాధికి దశలు కలవు. రొమ్ములోని గడ్డ చిన్నదై అచటనే నిలిచియున్నచో మొదటి దశ యనియు, ఎముకలకో, కాలేయమునకో, ఊపిరితిత్తులకో, మెదడునకో ప్రాకినచో నాలుగవ దశ యనియు వైద్యులందురు. క్రొత్త ఔషధమును పరీక్షించు ప్రయోగములకును దశలు కలవు. మొదటి దశ ప్రయోగమనగా ఆ ఔషధము మనుష్య శరీరమున ప్రవేశించు తొలిమెట్టు. కనుక ఆసుపత్రిలో 'మొదటి దశ ప్రయోగము' అను మాట వినబడినప్పుడు, అది మొదటి దశ రోగుల కొరకు ఏర్పడినదని తలంపరాదు. సాధారణముగా వ్యాధి ముదిరి, వాడుకలోనున్న మందులకు లొంగనివారే అందు చేర్చుకొనబడుదురు.

ఇట్లు చేయుటకు న్యాయమైన కారణము కలదు. ఇతర వ్యాధులకు సంబంధించిన క్రొత్త మందులను తరచు ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద వ్యక్తులకే మొదట ఇచ్చి చూతురు. క్యాన్సరు మందులలో అనేకములు జీవకణములను చంపుటకే తయారైనవి. వాటిని ఏ జబ్బును లేనివానికిచ్చి, మేలేమియు లేని కీడును కలిగించుట ధర్మము కాదు. అట్లే, గుణమిచ్చునని నిర్ధారణయైన మందు ఇంకను మిగిలియున్న రోగిని దానినుండి తప్పించి, గుణము తెలియని మందునకు మళ్లించుటయు ధర్మము కాదు. ప్రయోగములో చేరుటకు విధింపబడు నియమములలో మొదటిది ఇందుండియే పుట్టినది: రోగికి తగిన ప్రామాణిక చికిత్సలు ముగిసి యుండవలెను, లేదా అవి ఆమె శరీరమునకు పడకపోయి యుండవలెను.

ఆ చికిత్సలు అందరికిని ఒక్కటే కావు. గడ్డనుండి తీసిన చిన్న ముక్కను పరీక్షించి, హార్మోనులను గ్రహించు గుణము దానికి కలదా, హెర్-2 అను మాంసకృత్తు దానిలో హెచ్చుగా నున్నదా అని నిర్ణయింతురు. హార్మోనులకు స్పందించు గడ్డకు హార్మోను మందులును, హెర్-2 హెచ్చుగా నున్నదానికి ట్రాస్టుజుమాబ్ వంటి మందులును, ఈ లక్షణములేవియు లేనిదానికి ప్రధానముగా కీమోథెరపీయు వాడబడును. ప్రయోగమునకు వచ్చు రోగి తన పాత పరీక్షల కాగితములను, ఇదివరకు వాడిన మందుల పట్టికను భద్రముగా తెచ్చుట అందుకే ముఖ్యము. ఒక్క కాగితము పోయినందున గడ్డ ముక్కను మరల తీయవలసి వచ్చిన సందర్భములు లేకపోలేదు.

మొదటి దశ ప్రయోగము అడుగు ప్రశ్న మిక్కిలి పరిమితమైనది. ఈ మందును ఎంత మోతాదులో ఇచ్చిన శరీరము ఓర్చుకొనును? ఏ దుష్ఫలితములు కలుగును? ఇంతే. వ్యాధి తగ్గునా యను ప్రశ్నకు ప్రధానముగా తరువాతి దశలలో సమాధానము వెదకెదరు. మొదట కొలదిమందికి మిక్కిలి తక్కువ మోతాదు ఇచ్చి, కొన్ని వారములు కనిపెట్టి, ఆపద లేదని తేలినపిదపనే తరువాతి కొలదిమందికి మోతాదు పెంచెదరు. అనగా, తొలుత చేరినవారికి లభించు మోతాదు గుణమిచ్చుటకు చాలనిది కావచ్చును. చివర చేరినవారికి అది ఓర్వరాని భారము కావచ్చును. ఈ సంగతిని వైద్యుడు దాచరాదు. రోగి వినక వదలరాదు.

ఒక ఉదాహరణము. ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అను ఔషధమును తొలిసారి మనుష్యులలో పరీక్షించుట 2015 లో జపాను దేశమున ఆరంభమైనది. మోతాదును క్రమముగా పెంచు ఆ తొలి భాగములో చేరినవారు 24 మంది. ప్రామాణిక చికిత్సకు లొంగని రొమ్ము క్యాన్సరు గాని, జీర్ణాశయ భాగపు క్యాన్సరు గాని వారికుండెను. శరీరపు బరువులో కిలోగ్రామునకు 0.8 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి, మెట్టుమెట్టుగా 8 మిల్లీగ్రాముల వరకు పెంచిరి. నేడు రొమ్ము క్యాన్సరునకు వాడుకలోనున్న మోతాదు 5.4 మిల్లీగ్రాములు. తొలి మోతాదు పొందినవారికి అందినది ఇందులో ఆరవవంతు కంటెను తక్కువ. ఆ మందు 2019 లో అమెరికాలో అనుమతి పొందినది. హెర్-2 స్వల్పముగా మాత్రమే యున్న రోగులకును అది ఉపకరించునని 2022 లో వెల్లడియైనది. కొందరిలో అది ఊపిరితిత్తులకు వాపు కలిగించునని తెలిసినందున, పూర్వము అట్టి వాపు కలిగి స్టెరాయిడ్లు వాడవలసి వచ్చినవారిని తరువాతి పెద్ద ప్రయోగములలో చేర్చుకొనలేదు. ప్రవేశ నియమములు కార్యాలయములో కూర్చుండి ఊహించి వ్రాసినవి కావని దీనివలన తెలియుచున్నది. ఒకరికి కలిగిన హాని మరియొకరికి కలుగకుండ వేసిన కంచె అది. ప్రతి మందునకును ఇట్టి జయము కలుగునని మాత్రము అనుకొనరాదు. మొదటి దశలో ప్రవేశించిన క్యాన్సరు మందులలో అధికభాగము వాడుకలోనికి రానేరవు.

ఇక తక్కిన నియమములు. వయస్సు సాధారణముగా 18 సంవత్సరములు నిండియుండవలెను. రొమ్ము క్యాన్సరు పురుషులకును అరుదుగా వచ్చును. కొన్ని ప్రయోగములు వారినికూడ చేర్చుకొనును. రోగి యొక్క దైనందిన శక్తిని వైద్యులు సున్న మొదలుకొని అంకెలతో కొలుతురు. ఎప్పటివలె సమస్తమును చేసికొనగలిగినవారికి సున్న. బరువు పనులు చేయలేకున్నను వంట, కుట్టుపని, కార్యాలయపు పని వంటి తేలిక పనులు చేసికొనువారికి ఒకటి. తన పనులు తాను చేసికొనుచు, మేల్కొనియున్న కాలములో సగమునకు పైగా లేచి తిరుగగలిగినను ఏ ఉద్యోగమును చేయలేనివారికి రెండు. మొదటి దశ ప్రయోగములు పెక్కు సున్న, ఒకటి గలవారినే చేర్చుకొనును. మంచము పట్టిన రోగిని చేర్చుకొనరు. కుటుంబమునకు ఇది నిర్దయగా తోచును; కాని క్రొత్త మందు కలిగించు నీరసమునే తాళలేని శరీరమునకు దానినిచ్చుట దయ యనిపించుకొనదు.

మందును విరిచి వెలుపలికి పంపునవి కాలేయము, మూత్రపిండములు. అవి సరిగా పనిచేయుచున్నవని రక్తపరీక్షలో తేలవలెను. రక్తకణములు తగినన్ని యుండవలెను. మన దేశపు స్త్రీలలో రక్తహీనత మిక్కుటము గనుక ఈ ఒక్క కారణముననే ఆగిపోవువారు కలరు. గుండె బలమును, హెపటైటిస్ బి వంటి దాగియున్న వ్యాధులను పరీక్షింతురు. మెదడునకు ప్రాకిన క్యాన్సరునకు చికిత్స జరిగి, అది కొంతకాలము నిలుకడగా నున్నచో కొన్ని ప్రయోగములు అంగీకరించును. చాల ప్రయోగములలో స్కానులో కొలువదగిన గడ్డ, సాధారణముగా 10 మిల్లీమీటర్లకు తగ్గనిది, ఒకటైన నుండవలెను. వ్యాధి ఎముకలలో మాత్రమే యున్నవారికి తరచు ఇచ్చటనే చిక్కు. నొప్పి యెంతయున్నను కొలతకు గడ్డ దొరకదు. గర్భవతులు, పాలిచ్చు తల్లులు చేరరాదు. ప్రయోగకాలమునను, ఆ తరువాత కొన్ని మాసములును గర్భనిరోధము పాటింపవలెను.

కడపటి కీమోథెరపీ ముగిసి సాధారణముగా కొన్ని వారములు గడువవలెను. లేనిచో ఏ కీడు ఏ మందువలన కలిగినదో తెలియదు. ఈ సందర్భమున రోగులు దాచు విషయమొకటి కలదు. ఆసుపత్రి మందుతోపాటు పసరు మందులు, చూర్ణములు, లేహ్యములు వాడుచు, వైద్యుడు కోపించునని చెప్పకుందురు. వాటిలో కొన్ని కాలేయముపై పనిచేసి, క్రొత్త మందు రక్తములో మితిమీరి నిలుచునట్లు చేయగలవు. కోపమునకు వెరచి ప్రాణమును అపాయములో పెట్టుకొనుట తగదు.

ఇన్ని నియమములను మించిన నియమము సమ్మతి. భారతదేశమున 2019 లో అమలులోనికి వచ్చిన క్రొత్త ఔషధముల, చికిత్సా ప్రయోగముల నిబంధనల ప్రకారము, ప్రయోగ వివరములన్నియు రోగికి అర్థమగు భాషలో వ్రాతమూలమున తెలిపి సమ్మతి తీసికొనవలెను. తెలుగు మాత్రమే తెలిసిన రోగిచేత ఆంగ్లపత్రముపై సంతకము చేయించినచో అది సమ్మతి కానేరదు. చదువురానివారి విషయమున నిష్పక్షపాతియైన సాక్షి ఒకరు మొదటినుండి చివరివరకు ఉండి సంతకము చేయవలెను. అంతకుముందే ప్రయోగమును ఎథిక్స్ కమిటీ పరిశీలించి ఆమోదించి యుండవలెను. ఆ కమిటీలో వైద్యులే కాక న్యాయము తెలిసినవారు, సామాన్య పౌరులు, స్త్రీలు ఉందురు.

మన ఇండ్లలో తరచు జరుగు పని యొకటి ఇచ్చట అడ్డుపడుచున్నది. భర్తయో, కుమారుడో వైద్యుని పక్కకు పిలిచి, 'అమ్మకు జబ్బు పేరు చెప్పవద్దు' అని బ్రతిమాలుకొందురు. అది ప్రేమవలన కలిగిన మాటయే. కాని తన వ్యాధి యేదో, అది ఎంతవరకు వచ్చినదో తెలియని స్త్రీ ఈ ప్రయోగమునకు సమ్మతి నిచ్చుట యెట్లు? తెలివితోనున్న రోగి బదులు బంధువులు సంతకము చేయుటకు వీలు లేదు. కనుక ప్రయోగమున చేర్పింపదలచిన కుటుంబము ముందుగా ఆమెకు నిజము చెప్పవలెను. చెప్పినపిదప ఆమె వద్దన్నచో, ఆ మాటయే చివరిమాట. సమ్మతించి చేరినవారును ఏనాడైనను, ఏ కారణమును చెప్పకయే మానుకొనవచ్చును. దానివలన వారి మామూలు వైద్యమునకు లోపము రాకూడదు.

ప్రయోగము కారణముగా హాని కలిగినచో ఉచిత వైద్యమును, నిబంధనల మేరకు నష్టపరిహారమును ఇచ్చు బాధ్యత ప్రయోగమును నడపు సంస్థది. పరీక్షింపబడుచున్న మందునకు రోగి వెల చెల్లించుట యుండదు. క్రొత్త మందు ప్రయోగములో సీటు ఇప్పింతునని సొమ్మడుగు వ్యక్తి ఎదురైనచో నమ్మరాదు. మన దేశములోని ప్రయోగముల వివరములు భారత చికిత్సా ప్రయోగముల రిజిస్టరులో 2007 నుండి నమోదగుచున్నవి. 2009 నుండి ఈ నమోదు తప్పనిసరి యైనది. దానిని ఇంటర్నెట్టులో ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. ఏ ఆసుపత్రిలో, ఏ మందుతో, ఎట్టి రోగులకొరకు ప్రయోగము జరుగుచున్నదో అందుండును.

పరీక్షలన్నియు చేసి 'చేర్చుకొనము' అని చెప్పినప్పుడు, ఏ నియమమువద్ద ఆగినదో అడిగి తెలిసికొనవలెను. రక్తకణములు తక్కువైనందున ఆగినదైనచో, అవి పెరిగినపిదప మరల పరీక్ష చేయుటకు కొన్ని ప్రయోగములలో వీలుండును. గడువు చాలనిదైనచో కొన్ని వారములు వేచియుండవచ్చును. గడ్డ రకము సరిపడకున్నచో వేరొక ప్రయోగము సరిపడవచ్చును. ఇవేవియు కుదరనప్పుడును నొప్పిని, ఆయాసమును, నిద్రలేమిని తగ్గించు ఉపశమన చికిత్స పొందు హక్కు ఆమెకు కలదు. ప్రయోగములో చేరినవారికిని అది అవసరమే గనుక, ఏ సమాధానము వచ్చువరకును దానిని ఆపి యుంచరాదు.